ముందు ఒడి, తర్వాతే మాట!

టీకాల రోజున ఆరోగ్య ఉపకేంద్రం దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఓదార్పు అంటే ఏమిటో కళ్లారా చూడొచ్చు. 16 నుంచి 24 నెలల మధ్య వయసు పిల్లలకు అక్కడ తొడకు డీపీటీ బూస్టర్, కుడి భుజానికి మీజిల్స్–రుబెల్లా రెండో మోతాదు వేస్తారు. అప్పటిదాకా అమ్మ చంకలో నవ్వుతూ ఉన్న బిడ్డ సూది దిగగానే గుక్కపట్టి ఏడుస్తాడు. తనను అక్కడికి తెచ్చిందీ, కదలకుండా పట్టుకుని సూది వేయించిందీ అమ్మే! అయినా ఆ పసివాడు ఏడుస్తూ ముఖం దాచుకునేది అదే అమ్మ మెడలోనే. ఎందుకంటే సూది ఎందుకో వాడికి తెలియదు కానీ, అమ్మ ఎవరో తెలుసు.

ఆ తల్లి కూడా ధనుర్వాతం, కోరింత దగ్గు, కంఠసర్పి ఎంత ప్రమాదమో బిడ్డకు వివరిస్తూ కూర్చోదు. గుండెకు హత్తుకుంటుంది, వీపు నిమురుతుంది, ‘అయిపోయింది నాన్నా, నేనున్నానుగా’ అంటుంది. అదే అసలైన మందు. టీకాల నొప్పి తగ్గించడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేసిన సూచనలు కూడా అమ్మ ఒడి దగ్గరికే వస్తాయి. టీకా సమయంలో తల్లో తండ్రో పక్కనే ఉండాలి, పసిబిడ్డను ఒడిలో పట్టుకోవాలి, పాలు తాగే బిడ్డకు ఆ సమయంలో గానీ కాస్త ముందు గానీ పాలివ్వాలి. రెండు మూడు సూదులుంటే ఎక్కువ నొప్పి పెట్టేది చివర వేయాలి. అన్నింటికన్నా ముఖ్యం, ‘నొప్పే ఉండదు’ వంటి అబద్ధపు భరోసా ఇవ్వొద్దు. ‘అల్లరి చేస్తే సూది వేయిస్తా’ అని ఇంట్లో బెదిరించే పెద్దలు కూడా ఆలోచించాల్సిన మాట ఇది. ఇంటికొచ్చాక ఒకటి రెండు రోజులు జ్వరం, వాపు, చిరాకు ఉండొచ్చు. సూది వేసినచోట రుద్దకుండా, నర్సమ్మ చెప్పిన మోతాదులోనే పారాసిటమాల్ వేసి, బిడ్డను ఎత్తుకుని తిప్పితే చాలావరకు అదే సర్దుకుంటుంది. ఏడుపు గంటల తరబడి ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఆయాసం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అంతేకానీ ఏడుపు చూడలేక తర్వాతి టీకా మాన్పించడం ప్రేమ కాదు.

దేవుడు యెషయా ప్రవక్త ద్వారా తన ఓదార్పును దేనితో పోల్చాడో గుర్తుందా? రాజుతో కాదు, బోధకునితో కాదు, బిడ్డను ఆదరించే తల్లితో (యెషయా 66:13). పిల్లలను తెచ్చినప్పుడు యేసుప్రభువు దూరం నుంచే దీవించి పంపేయలేదు, ఎత్తి కౌగిలించుకున్నాడు. లాజరు సమాధి దగ్గర మరికొద్ది సేపట్లో అతణ్ని లేపబోతున్నానని ఆయనకు తెలుసు. అయినా మరియ ఏడుపు చూసి ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. జవాబు చేతిలో ఉన్నవాడే ముందుగా కన్నీరు కార్చాడు!

మరి జవాబు లేని మనమేం చేస్తున్నాం? యోబు స్నేహితులు అతని దుఃఖం చూసి ఏడు రోజులు నేలమీద అతనితో మౌనంగా కూర్చున్నారు. వాళ్లు యోబుకు చేసిన గొప్ప మేలు అదొక్కటే. నోరు విప్పాక మాత్రం వివరణలతో అతని గాయాన్ని మరింత కెలికారు. చివరికి దేవుని కోపం వాళ్లమీదే రగిలింది. ఆశ్చర్యమేమిటంటే, ఆ గ్రంథమంతా ముగిసినా తన శ్రమకు కారణమేమిటో దేవుడు యోబుకు చెప్పలేదు, తానే వచ్చి అతనితో మాట్లాడాడు.

మరణం జరిగిన ఇంటికీ, జబ్బు మనిషి మంచం దగ్గరికీ మనం ఎన్నోసార్లు వివరణలే మోసుకెళ్తాం. ‘అంతా దేవుని చిత్తం, ఏడవకండి’ అంటాం. ‘విశ్వాసం తక్కువైందేమో’ అని గుసగుసలాడతాం. ‘ఇది దేవుడు వేసిన టీకా, మీ మేలుకే’ అని ప్రసంగించేవారూ ఉన్నారు. ఇక్కడే జాగ్రత్తపడాలి. బిడ్డకు వేసే సూది ఏ జబ్బు రాకుండానో తల్లికి తెలుసు. పక్కింటి తల్లి కడుపుకోత ఎందుకో మనకు తెలుసా? తెలియని కారణాన్ని తెలిసినట్టు చెప్పడం ఓదార్పు కాదు, అబద్ధపు భరోసా! పౌలు రోమా సంఘానికి వివరించే పని అప్పగించలేదు, ఏడ్చేవారితో కలిసి ఏడ్వమన్నాడు (రోమా 12:15). దేవుని దగ్గర తాము పొందిన ఆదరణతోనే ఇతరులను ఆదరించాలని కొరింథీయులకు రాశాడు (2 కొరింథీ 1:4).

ఈ వారం మీ సంఘంలో దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లండి. ప్రసంగం సిద్ధం చేసుకోకండి, ఒక పూట అన్నం క్యారేజీలో తీసుకెళ్లండి. పక్కన కూర్చోండి, చేయి పట్టుకోండి, వాళ్లు ఏడిస్తే ఏడవనివ్వండి. ప్రార్థన చేయమంటే రెండు మాటలతో చేయండి. ‘ఎందుకిలా జరిగింది?’ అని వాళ్లడిగితే, ‘నాకూ తెలియదు, కానీ మిమ్మల్ని ఒంటరిగా వదలను’ అనండి. చాలాసార్లు దేవుని ఓదార్పు అంత చిన్న మాటలోనే చేరుతుంది.