కేస్ షీటు సరిచూసే కొలువు

అడ్మిషన్ కాగితంలో ఎడమ మోకాలు. ఆపరేషన్ నోట్సులో కుడి మోకాలు. సమ్మతి పత్రం మీద సంతకం ఉంది, తేదీ లేదు. ఈ కేస్ షీటు ఇలాగే బీరువాలోకి వెళ్తే బీమా క్లెయిము ఆగిపోవచ్చు, రేపు చూసే డాక్టరు పొరబడవచ్చు. ఆ తేడాను ముందే పట్టుకోవడం మెడికల్ రికార్డ్స్ టెక్నీషియన్ పని. డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయంలోనో, నిజామాబాద్, బోధన్ కాలేజీల్లోనో డిగ్రీ చదువుతూ ఆసుపత్రి ఉద్యోగం కోరుకునేవారు తెలుసుకోవాల్సిన దారి ఇది.

ఏం చేయాలి?

రోగి డిశ్చార్జి అయ్యాక కేస్ షీటు రికార్డు విభాగానికి చేరుతుంది. అక్కడ రెండు విషయాలు చూస్తారు. కాగితాలన్నీ ఉన్నాయా? ఒకదానితో ఒకటి పొంతన కుదిరిందా? డాక్టరు నోట్సు, నర్సుల చార్టు, ల్యాబ్ రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీ వరుసగా పరిశీలించి లోపాలను జాబితా రాస్తారు.

రాయొద్దు, అడగాలి

ఈ కొలువులో అసలు పరీక్ష ఇక్కడే. మందుల చార్టులో ఇన్సులిన్ ఉంది, రోగ నిర్ధారణలో మధుమేహం మాటే లేదు. ‘షుగరే కదా’ అని మనమే రాసేస్తే తప్పు. స్టెరాయిడ్ల వల్ల షుగర్ పెరిగినా ఇన్సులిన్ ఇస్తారు. అందుకే ‘మధుమేహం అని రాయండి’ అనకూడదు, ‘ఇన్సులిన్ ఎందుకు ఇచ్చారో తెలపండి’ అని డాక్టరును అడగాలి. దిద్దేటప్పుడు కూడా పాత మాట కనిపించేలా ఒక్క గీత కొట్టి, దిద్దినవారే సంతకం, తేదీ, సమయం వేయాలి. వైట్‌నర్ వాడకూడదు.

2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అప్పుడు వెతుక్కుంటే కుదరదు.

అవకాశాలు ఎక్కడ?

ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో రికార్డు విభాగాలు ఉంటాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ప్రైవేటు బీమా క్లెయిములకూ సరైన పత్రాలే ఆధారం. అనుభవం వచ్చాక హైదరాబాద్‌లోని మెడికల్ కోడింగ్ కంపెనీల వైపు వెళ్లొచ్చు. కోడర్ కూడా రికార్డులో ఉన్నదానికే కోడ్ ఇవ్వాలి, ఊహించి కాదు.

ఎలా సిద్ధం కావాలి?

మెడికల్ రికార్డ్స్ డిప్లొమా నేరుగా పనికొస్తుంది. లైఫ్ సైన్సెస్, నర్సింగ్, ఫార్మసీ చదివినవారికి పదజాలం త్వరగా పట్టుబడుతుంది. శరీర నిర్మాణం, వైద్య పదాలు, ఐసీడీ-10 వర్గీకరణ, ఎక్సెల్ నేర్చుకోండి. ‘ఉద్యోగం గ్యారంటీ’ అనే కోచింగ్ సెంటర్‌కు ఫీజు కట్టేముందు కోర్సుకు గుర్తింపు ఉందో లేదో చూడండి, అక్కడ చదివినవారిని కలవండి.

ఈ పని మీకు నచ్చుతుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఇంట్లోవారి అనుమతితో పాత డిశ్చార్జి సమ్మరీ ఒకటి తీసుకుని, ల్యాబ్ రిపోర్టులతో పోల్చి చూడండి. తేదీలు, మందులు, డోసులు కలుస్తున్నాయా? తేడా కనిపిస్తే మీరే దిద్దకండి, డాక్టరును అడగమని ఇంట్లోవారికి చెప్పండి. ఆ కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో మాత్రం పెట్టకండి. రోగి గోప్యత కాపాడటం ఈ ఉద్యోగంలో మొదటి పాఠం.