విండోస్ 10 గడువు అయిపోయింది: ఇంట్లో పాత కంప్యూటర్ అమ్మేయాలా, ఉంచుకోవాలా?

"బాజీ, మా కంప్యూటర్ ఇక పనికిరాదంట, నిజమేనా?"

మహబూబ్‌నగర్ నుంచి మా ఖాలా కూతురు ఫోన్ చేసి అడిగిన మాట ఇది. నేనుండేది నల్లగొండలో. మెషీన్ చూడలేను కాబట్టి ప్రశ్నలే అడిగాను. ఆన్ అవుతుందా? అవుతుంది. నెట్ వస్తుందా? వస్తుంది, తమ్ముడు ఇప్పుడు కూడా దాని మీదే నాత్ వింటున్నాడు. మరి ఏమైంది? విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని స్క్రీన్ మీద నోటీసు వచ్చిందట. భయపడి దుకాణానికి పట్టుకుపోతే అక్కడి అతను "దీనికి విండోస్ 11 ఎక్కదు, రెండు వేలకు నాకిచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నాడట.

ఎక్కదన్న మాట నిజమే. కానీ అమ్మేయాల్సిన పని లేదు. ఇలాంటి ఫోన్లు ఈమధ్య నాకు నాలుగైదు వచ్చాయి కనుక విషయం మొత్తం ఒకేచోట రాస్తున్నా.

అయిపోయింది ఏమిటి?

విండోస్ 10 వచ్చింది 2015 జూలై 29న. 2025 అక్టోబర్ 14తో దానికి ఇచ్చే ఉచిత సపోర్ట్‌ను మైక్రోసాఫ్ట్ ఆపేసింది. అంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. వర్డ్ తెరుచుకుంటుంది, ప్రింట్ వస్తుంది, వీడియో కాల్ నడుస్తుంది. ఆగింది నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్. మన ఇంటి తాళానికి దొంగ తాళంచెవి ఎక్కడో తయారైందని తెలిసినప్పుడు ఇన్నాళ్లూ ఒకడు వచ్చి తాళం మార్చిపోయేవాడు. ఇప్పుడు వాడు రావడం మానేశాడు. తలుపు బాగానే ఉంది, తాళం కూడా పడుతుంది. దొంగ వస్తాడా రాడా అన్నదే ప్రశ్న.

వస్తాడని 2017 మేలో చూశాం. వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి, విప్పాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లకే ఆ దెబ్బ తగిలింది. ఆ వైరస్ దూరే కంతను మూసే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలో ఇచ్చింది. అది వేసుకోని మెషీన్లే దొరికిపోయాయి. ఇప్పుడు గడువు తీరిన విండోస్ 10 పరిస్థితి అంతకన్నా కష్టం. వేసుకుందామన్నా మామూలుగా అప్‌డేట్ రాదు.

ఇంకా విండోస్ 7 మీదే నడుస్తున్న ఇళ్లు కూడా మన దగ్గర ఉన్నాయి. దాని సపోర్ట్ 2020 జనవరి 14తోనే అయిపోయింది. క్రోమ్ బ్రౌజర్ కూడా 2023 మొదట్లో దాన్ని వదిలేసింది. స్కాలర్‌షిప్ సైటు సరిగ్గా తెరుచుకోవడం లేదంటే ప్రతిసారీ తప్పు సర్కారుదే కానక్కర్లేదు, మన బ్రౌజర్ పాతదై ఉండొచ్చు.

ముందు ఏ తరం మెషీనో చూడండి

సెట్టింగ్స్‌లో సిస్టమ్ తెరిచి, అడుగున అబౌట్ నొక్కండి. ప్రాసెసర్ అన్న వరుసలో ఐ3 లేదా ఐ5 అని, దాని పక్కన ఒక నంబరు కనిపిస్తుంది. ఆ నంబరు మొదట్లోనే తరం ఉంటుంది. 6100 అంటే ఆరో తరం, 7200 అంటే ఏడో తరం, 8250 అంటే ఎనిమిదో తరం, 10210 అంటే పదో తరం. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఆ పైవే విండోస్ 11కి అర్హమని మోటాగా గుర్తు పెట్టుకోండి. ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి. దీంతోపాటు 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ కావాలి.

ఈ టీపీఎం దగ్గరే చాలామంది మోసపోతున్నారు. ఎనిమిదో తరం, తొమ్మిదో తరం మెషీన్లలో ఆ సదుపాయం ప్రాసెసర్‌లోనే ఉంటుంది కానీ బయాస్‌లో ఆఫ్ చేసి ఉండొచ్చు. ఇంటెల్‌లో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. ఆన్ చేస్తే పని అయిపోతుంది. దానికోసం కొత్త మదర్‌బోర్డు కొనమని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. మైక్రోసాఫ్ట్ వాళ్లదే పీసీ హెల్త్ చెక్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. అది నడిపితే మీ మెషీన్ పాసా ఫెయిలా, ఫెయిలైతే ఎందుకో ఇంట్లోనే తెలిసిపోతుంది.

పాసైతే విండోస్ 10 నుంచి 11కి మారడం ఉచితం. మీ విండోస్ 10 అసలుదైతే కొత్త కీ కొనాల్సిన పని లేదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌లోనే వస్తుంది, ఫైళ్లు ఎక్కడివక్కడ ఉంటాయి. పాత విండోస్ 7 కీతో ఎక్కించుకునే దారిని మాత్రం 2023లో మూసేశారు.

దేనికైనా ముందు బ్యాకప్

దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దెబ్బ తిన్నది మా ఇల్లే.

మా అబ్బాకు ఉర్దూలో టైప్ చేసుకునే అలవాటు ఉండేది. మీలాద్ జల్సాలకు తఖ్రీర్లు, మా నానా గురించి రాసుకున్న జ్ఞాపకాలు, అన్నీ ఇన్‌పేజ్‌లో, అన్నీ డెస్క్‌టాప్ మీదే. ఐదేళ్ల కింద కంప్యూటర్ స్లో అయిందని దుకాణంలో ఇచ్చాం. "డేటా డీ డ్రైవ్‌లో ఉంది గదా?" అని అతను అడిగాడు. నేనే తలూపాను. మూడు వందలు తీసుకుని సాయంత్రానికి ఇచ్చేశాడు. డీ డ్రైవ్‌లో నేను దాచుకున్న సినిమాలన్నీ భద్రంగా ఉన్నాయి. అబ్బా రాసినవి ఒక్కటీ లేవు. అబ్బా నన్ను ఏమీ అనలేదు. మళ్లీ టైప్ చేయలేదు కూడా.

అప్పుడు నాకు తెలియంది ఇది: డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అని కనిపించేవన్నీ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. విండోస్ కొత్తగా ఎక్కించేటప్పుడు ఫార్మాట్ చేసేది సీ డ్రైవ్‌నే. కాబట్టి ముందు ఆ నాలుగు ఫోల్డర్లు పెన్‌డ్రైవ్‌లోకో బయటి హార్డ్ డిస్కులోకో కాపీ చేసి, ఇంకో కంప్యూటర్‌లో పెట్టి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. కాపీ అయిందని అనుకోవడం వేరు, తెరిచి చూడడం వేరు.

ఖాలా వాళ్లకు రెండు వేలు ఇస్తానన్న బేరంలో నాకు నచ్చనిది కూడా ఇక్కడే ఉంది. ఆ రెండు వేలకు మెషీన్‌తో పాటు హార్డ్ డిస్కు కూడా పోతుంది. దాంట్లో షాదీ ముబారక్ అప్లికేషన్ కోసం స్కాన్ చేసిన ఆధార్‌లు, బ్యాంకు పాస్‌బుక్, నికానామా, సౌదీలో ఉన్న ఖాలూ పాస్‌పోర్టు కాపీ, ఇంటి ఆడవాళ్ల వలీమా ఫోటోలు. డిలీట్ చేశాం గదా అంటారు. హార్డ్ డిస్కులో మామూలుగా డిలీట్ చేసినవి, పైపైన ఫార్మాట్ చేసినవి మళ్లీ తీసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. మెషీన్ అమ్మినా సరే, డిస్కు విప్పించి ఇంటికి తెచ్చుకోండి. ఆ ఒక్క డిస్కు తగ్గినందుకు ఐదు వందలు తక్కువ ఇస్తానన్నా ఇవ్వనివ్వండి.

ఫెయిలైన మెషీన్‌కు ఏం దారి?

ఖాలా వాళ్లది ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, లోపల పాత హార్డ్ డిస్కు. విండోస్ 11కి ఫెయిల్. మన ఇళ్లలో ఎక్కువ మెషీన్లు ఇలాంటివే. పిల్లల బీకాం కోసమో ఇంజనీరింగ్ కోసమో 2012, 2018 మధ్య కొన్నవి, గల్ఫ్ నుంచి చాచా తెచ్చిన ల్యాప్‌టాప్‌లు. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్‌కు ఏడాదికి 40 శాతం తరుగు రాస్తారు. ఆ లెక్కన వీటికి కాగితం మీద దాదాపు ఏమీ మిగల్లేదు. కాగితం మీద విలువ పోయిన మెషీన్ పనిచేయడం మానేయాలని మాత్రం ఏ అకౌంటెన్సీ పుస్తకంలోనూ లేదు.

వీటికి అన్నిటికన్నా తేలిక దారి గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పడం లేదు. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని, ఇళ్లలో వాడే విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి, విండోస్ బ్యాకప్‌లో సెట్టింగ్స్ సింక్ ఆన్ చేస్తే పైసా కట్టక్కర్లేదు. అది ఇష్టం లేకపోతే 30 డాలర్లకు సరిపడా రుసుము కట్టొచ్చు. ఒక్క లైసెన్సు పది కంప్యూటర్లకు పనికొస్తుంది. విండోస్ 10లో చివరిదైన 22హెచ్2 వెర్షన్ ఉండాలి. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, దాంట్లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే ఎన్‌రోల్ నౌ అని కనిపిస్తుంది. ఆలస్యంగా చేరినా వెనకటి అప్‌డేట్లు కూడా వస్తాయి, కానీ ఆఖరి తేదీ మారదు.

రెండోది ఎస్ఎస్‌డీ. ఇది సెక్యూరిటీ సంగతి కాదు, స్పీడు సంగతి. పాత హార్డ్ డిస్కులో ఒక రేకు తిరుగుతూ ఉంటుంది, దాని మీద సూదిలాంటి ముక్క వెతుకుతూ ఉంటుంది. ఎస్ఎస్‌డీలో తిరిగేదేదీ లేదు. ఆన్ చేసి చాయ్ పెట్టుకుని వచ్చేదాకా తిరిగే మెషీన్, అది మార్చాక చాయ్ నీళ్లు కాగకముందే తెరుచుకుంటుంది. 4 జీబీ ర్యామ్ ఉంటే 8 చేయించుకోవడం కూడా మంచిదే కానీ ర్యామ్ ధరలు ఈమధ్య బాగా పెరిగాయి. రెండింట్లో ఒకటే అంటే నేనైతే ఎస్ఎస్‌డీకే డబ్బు పెడతా. హైదరాబాద్ పోయే పని ఉంటే పార్క్‌లేన్ సీటీసీలో నాలుగు దుకాణాలు తిరిగి అడగండి, ఊళ్లో ధర సరైనదో కాదో తెలుస్తుంది. కొత్త డిస్కు వేయించాక పాతది అక్కడే వదిలేసి రావద్దు. అదే మీ బ్యాకప్.

మూడో దారి లైనక్స్. ఉచితం, అప్‌డేట్లూ ఉచితం. లైనక్స్ మింట్ చూడ్డానికి పాత విండోస్‌లాగే ఉంటుంది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. కేరళలో సర్కారు బడులు ఏళ్లుగా లైనక్స్ మీదే నడుస్తున్నాయి. తెలుగులో పూర్తి కంప్యూటర్ ఉండాలని స్వేచ్ఛ సంస్థ హైదరాబాద్‌లో పని చేసింది కూడా ఈ లైనక్స్ మీదే. బ్రౌజర్, వీడియోలు, లిబ్రెఆఫీస్‌లో అప్లికేషన్ రాసుకోవడం వరకు ఏ ఇబ్బందీ ఉండదు. అయితే ట్యాలీ ప్రైమ్ విండోస్‌కే చేశారు. బీకాం పిల్లలున్న ఇంట్లో లైనక్స్ ఒక్కటే పెట్టుకుంటే ట్యాలీ దగ్గర ఇరుక్కుంటారు. ఇన్‌పేజ్ కూడా అంతే.

దుకాణాల్లో చెప్పే నాలుగో దారి ఒకటుంది. ఫెయిలైన మెషీన్‌కే టీపీఎం పరీక్షను దాటించి విండోస్ 11 ఎక్కించడం. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. కానీ అలాంటి మెషీన్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. కోర్ 2 డ్యుయో లాంటి మరీ పాతవాటిలో 24హెచ్2 వెర్షన్ అసలు బూట్ కాదు. పైగా అదే చేత్తో రెండు వందలకు యాక్టివేషన్ చేసిస్తామంటారు. అది జాయిజా కాదా ఉలమాను అడగండి. నాకు తెలిసిన లెక్క ఇంతే: ఆ క్రాక్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. సెక్యూరిటీ కోసం మొదలుపెట్టిన పని కాపలావాణ్ణి పంపించేయడంతో మొదలైతే ఏం లాభం?

ఉర్దూ, తెలుగు ఫైళ్లున్నవాళ్లకు

పాత ఇన్‌పేజ్ ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు. ఇన్‌పేజ్‌లో తప్ప వర్డ్‌లో తెరిస్తే గజిబిజి కనిపిస్తుంది. అను ఫాంట్లతో చేసిన తెలుగు ఫైళ్లదీ అదే కథ, ఆ ఫాంట్ లేకపోతే అక్షరం అక్షరంలా ఉండదు. కాబట్టి మారకముందే పాత మెషీన్‌లో వాటిని తెరిచి, ఒక్కోదానికి పీడీఎఫ్ కాపీ తీసి పెట్టుకోండి. రుక్కాలు, పోస్టర్లు డిజైన్ చేసేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి: విండోస్ 11లో 32 బిట్ రకం లేదు. పాత ప్రింటర్, స్కానర్, డాంగిల్‌కు 64 బిట్ డ్రైవర్ దొరుకుతుందో లేదో ముందే చూసుకోవాలి.

కొత్తగా రాసేవాళ్లకు మాత్రం ఇప్పుడు ఇన్‌పేజ్ తప్పనిసరి కాదు. విండోస్ సెట్టింగ్స్‌లో ఉర్దూ భాష కలిపితే కీబోర్డుతో పాటు ఉర్దూ టైప్‌సెట్టింగ్ అనే నస్తాలీఖ్ ఫాంట్ కూడా వస్తుంది. లైనక్స్‌లో నోటో నస్తాలీఖ్ ఉంది. వాటితో టైప్ చేసింది ఫోన్‌లోనూ చదువుకోవచ్చు, వాట్సాప్‌లో పంపొచ్చు.

ఇక ఖాలా వాళ్ల సంగతి. ఫోన్‌లోనే దారి చెబుతూ ఉచిత పథకంలో చేర్పించాను. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేక దానికే ముప్పావు గంట పట్టింది. జీతం వచ్చాక ఎస్ఎస్‌డీ వేయిస్తామన్నారు. తమ్ముడికి డిగ్రీలో బీకాం వస్తే ట్యాలీ కోసం అక్టోబర్‌లోపు విండోస్ 11 మెషీన్ చూసుకోవాలి. బీఏ వస్తే దీంట్లోనే మింట్ ఎక్కిస్తాం. అప్పటిదాకా అది అదే గదిలో, అదే స్టూలు మీద ఉంటుంది.