ట్రెబుల్ పెంచితే మాట క్లియర్ అవుతుందా?

ఈ ఎపిసోడ్‌లో ఈక్వలైజర్‌తో హై ఫ్రీక్వెన్సీలను ఎలా సరిచేయాలో చూద్దాం.

వైజాగ్ ఆర్కే బీచ్‌లో కూర్చుని మా తాత చెప్పిన కబుర్లు ఒకసారి ఫోన్‌లో రికార్డ్ చేశాను. ఇప్పుడు తాత లేరు. మళ్ళీ రికార్డ్ చేద్దామంటే కుదరదు. మాట మసకగా ఉందని 10 కిలోహెర్ట్జ్ పైన హై షెల్ఫ్ పెట్టి 6 డెసిబెల్స్ పెంచేశా. ఏమైంది? మాట అలాగే ఉంది, అలల హోరు పెరిగింది.

ఎందుకంటే అలల శబ్దం కింది నుంచి పై దాకా అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ పరుచుకుని ఉంటుంది. ఏది గొంతో, ఏది అలో ఈక్వలైజర్‌కి తెలీదు. ఆ భాగంలో ఉన్నదంతా కలిపి పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. అంతే.

అందుకే రివర్స్‌లో చేశా. 10 పైన మాటకి పెద్దగా పని లేదు కాబట్టి అక్కడ 4 డెసిబెల్స్ తగ్గించా. హల్లులు స్పష్టంగా వినిపించడానికి 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ముఖ్యం. అక్కడ వెడల్పుగా 2 డెసిబెల్స్ పెంచా. 'స', 'ష' చెవిలో గుచ్చుకుంటుంటే 5 నుంచి 8 మధ్య వెతికి, సన్నగా కొంచెం తగ్గించండి.

ఒక జాగ్రత్త. సౌండ్ పెరిగితే చాలు, బాగున్నట్టే అనిపిస్తుంది. అందుకే వాల్యూమ్ సమానం చేసి, ఈక్యూ ఆన్, ఆఫ్ చేస్తూ పోల్చండి. ఇయర్‌ఫోన్స్‌లోనూ, ఫోన్ స్పీకర్‌లోనూ వినండి.

అలలు పూర్తిగా పోలేదు. కానీ తాత మాట ఇప్పుడు అర్థమవుతోంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళని రికార్డ్ చేసేటప్పుడు మాత్రం మైక్ నోటికి దగ్గరగా పెట్టండి. ఆ పని తర్వాత ఏ ఈక్వలైజరూ చేయలేదు.