ఎనభై ట్యాంకులో ఎనభై ఉండదు

స్కూబా నేర్చుకుని, మాస్కు, ఫిన్స్ సొంతానికి కొనుక్కున్నవాళ్ల ఆలోచన తర్వాత ట్యాంకు మీదికి పోతుంది. ఏ సైజు కొనాలి? దుకాణంలో చాలామంది చూసేది అందులో ఎంత గాలి పడుతుందన్నది ఒక్కటే. అంతకంటే ముందు రెండు సంగతులు తెలుసుకుని తీరాలని నా గట్టి నమ్మకం. మీరు నిమిషానికి ఎంత గాలి పీలుస్తారన్నది మొదటిది. ఖాళీ అయ్యాక ఆ ట్యాంకు నీళ్లలో తేలుతుందా, మునుగుతుందా అన్నది రెండోది. కింది విశేషాల్లో సగం ఈ రెండింటి చుట్టూ తిరిగేవే.

◆ రిసార్టుల్లో, డైవింగ్ బోట్ల మీద ఎక్కువగా కనిపించే ట్యాంకు 'అల్యూమినియం 80'. అండమాన్‌లో ఇదివరకు హేవ్‌లాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీప్‌కి వెళ్లి స్కూబా చేసొచ్చిన మనవాళ్లలో చాలామంది వీపున మోసింది ఇలాంటిదాన్నే. పేరులో 80 ఉన్నా ఇందులో పట్టేది 77.4 ఘనపుటడుగుల గాలి. అదీ 3000 పీఎస్‌ఐ, అంటే 207 బార్ల దాకా నింపితేనే. లీటర్లలో చెప్పాలంటే సుమారు 2,190. రెండున్నర ఇనప బీరువాల్లో పట్టే గాలిని 66 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న సీసాలో కూరేస్తారన్నమాట. ట్యాంకు ఖాళీ బరువే 14 కిలోల పైమాట.

◆ పేపర్లలో, టీవీల్లో 'ఆక్సిజన్ సిలిండర్లతో నీళ్లలోకి దిగారు' అని తరచూ వస్తుంటుంది. కానీ వినోదానికి డైవింగ్ చేసేవాళ్ల ట్యాంకులో సాధారణంగా ఉండేది మనం రోజూ పీల్చే మామూలు గాలే. వడగట్టి, తేమ తీసేసి, ఒత్తిడితో నింపుతారు. ఆక్సిజన్ అందులో 21 శాతమే. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ని 6 మీటర్ల కంటే లోతుకు తీసుకెళ్లి పీలిస్తే అదే విషమై మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. నీళ్లలో మూర్ఛ వస్తే ప్రాణం మీదికి వచ్చినట్టే. అందుకే 'ఆక్సిజన్ ఎంత పడుతుంది' అని అడిగే కొనుగోలుదారుకి ముందు ఈ సంగతి విడమరిచి చెప్పాలి.

◆ ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. కంగారు లేకుండా ఈదే మనిషి నీటిపైన నిమిషానికి 15 నుంచి 20 లీటర్ల గాలి పీలుస్తాడనుకోవచ్చు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు కాబట్టి అదే ఊపిరికి రెండింతల గాలి ఖర్చవుతుంది. 20 మీటర్ల దగ్గర మూడింతలు, 30 మీటర్ల దగ్గర నాలుగింతలు. ఒక జంటని తీసుకోండి. భర్త నిమిషానికి 20 లీటర్లు, భార్య 12 లీటర్లు పీలుస్తారనుకుందాం. ఇద్దరూ 200 బార్లతో దిగి, 50 బార్లు మిగలగానే పైకి రావాలన్నది నియమం. 20 మీటర్ల లోతులో భర్తకి 'అల్యూమినియం 80' సుమారు 28 నిమిషాలు వస్తుంది. అదే ట్యాంకు భార్యకి 46 నిమిషాలు. ఆమె చిన్నదైన 'అల్యూమినియం 63' తగిలించుకున్నా 37 నిమిషాలు ఉండగలదు. ఆ 37 నిమిషాలు ఆయనా ఉండాలంటే లోపల 15 లీటర్ల నీళ్లు పట్టేంత పెద్ద ట్యాంకు కావాలి. కాబట్టి మొగుడూ పెళ్లాలు ఒకే సైజు జత కొనుక్కోవడంలో అర్థం లేదు. మీ సొంత లెక్క తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఒకే లోతులో పది నిమిషాలు నింపాదిగా ఈది, ముందూ వెనకా గేజ్ చూసుకోండి. తగ్గిన బార్లని ట్యాంకులో పట్టే నీళ్ల లీటర్లతో ('అల్యూమినియం 80'కి 11.1) గుణించి, నిమిషాలతోనూ ఆ లోతు ఒత్తిడితోనూ భాగిస్తే సరి.

◆ పెద్ద ట్యాంకు ఉంటే ఎంతసేపైనా లోతులో ఉండొచ్చనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. ఒంట్లో నత్రజని పేరుకుంటుంది కాబట్టి లోతును బట్టి సమయానికి హద్దు ఉంది. డైవింగ్ నేర్పే పాడి (PADI) సంస్థ పట్టికలో 18 మీటర్లకి హద్దు 56 నిమిషాలు, 30 మీటర్లకి 20 నిమిషాలే. 30 మీటర్ల దగ్గర, నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 'అల్యూమినియం 80'లోని గాలి కూడా దాదాపు 20 నిమిషాలకే సరిపోతుంది. అక్కడికి 15 లీటర్ల ట్యాంకు పట్టుకెళితే మిగిలే గాలిని ఆపద వేళకి దాచుకోవాలి. సమయం పొడిగించుకోవడానికి వాడకూడదు.

◆ గాలికీ బరువుంది. లీటరుకి సుమారు 1.2 గ్రాములు. నిండు 'అల్యూమినియం 80'లో ఉన్న గాలి ఒక్కటే రెండున్నర కిలోల పైన తూగుతుంది. దిగేటప్పుడు ఈ ట్యాంకు నీళ్లలో కిలో అటూఇటూగా కిందికి లాగుతుంది. గాలి అయిపోయేసరికి తిరగబడి, ఒకటిన్నర నుంచి రెండు కిలోల దాకా పైకి లాగుతుంది. ఈ తేడా తెలిసొచ్చేది డైవ్ చివర్లో. పైకి వచ్చేముందు 5 మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగాల్సిన చోట, గేజ్‌లో 50 బార్లు చూపిస్తుండగా, ట్యాంకు అడుగుభాగం నడుము మీంచి మెల్లగా లేస్తుంది. తల కిందికి వంగుతుంది, కాళ్లు పైకి పోతాయి. అప్పుడు నిలదొక్కుకోవడం కోసమే మొదటి నుంచీ నడుముకి అదనంగా సీసం మోయాల్సి వస్తుంది. ఉక్కు ట్యాంకుల్లో చాలావాటికి ఈ బాధ లేదు. ఖాళీ అయినా కొంచెం మునిగే గుణంతోనే ఉంటాయి. అల్యూమినియం వదిలి ఉక్కుకి మారితే నడుము పట్టీ నుంచి రెండు కిలోల సీసమైనా తీసేయొచ్చు. అడ్డకొలతలో పెద్ద తేడా లేని రెండు ట్యాంకుల మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను ఉక్కు వైపే మొగ్గుతాను. అయితే దాన్ని తుప్పు పట్టకుండా చూసుకోవాలి. దాని అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి నిలబెట్టడానికి ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. ఆ తొడుగులో ఉప్పునీళ్లు నిలిస్తే తుప్పు మొదలయ్యేది అక్కడే. డైవ్ అయ్యాక తొడుగు ఊడదీసి మంచినీళ్లతో కడగాలి.

◆ అగ్నిమాపక సిబ్బంది వీపున ఉండే కార్బన్ ఫైబర్ సిలిండర్లు తేలిక, 300 బార్లు పడతాయి. మరి డైవర్లు వాటిని ఎందుకు వాడరు? నీళ్లలో బెండులా తేలతాయి. వాటిని ముంచడానికి మళ్లీ సీసం కట్టుకోవాలి.

◆ అమెరికాలో ట్యాంకుకి పేరు, నిండా నింపితే అందులో ఉండే గాలిని బట్టి పెడతారు. ఐరోపాలో లోపల ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయన్నదాన్ని బట్టి పెడతారు: 10, 12, 15. 'అల్యూమినియం 80' ఐరోపా లెక్కలో 11.1 లీటర్లు.

◆ అమెరికా పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. 'ఉక్కు 100'లో నిజంగా 100 ఘనపుటడుగులు ఉండాలంటే 3442 పీఎస్‌ఐ దాకా నింపాలి. మీ ఊళ్లో నింపేవాళ్లు 3000 దగ్గర ఆపేస్తే మీకు దక్కేది 87. వంద సైజుకి డబ్బులు పోసి ఎనభై ఏడు తెచ్చుకున్నట్టు. కొనేముందు నింపే చోట 'ఎంత దాకా నింపుతారు' అని అడగడం అందుకే.

◆ పది లీటర్ల ట్యాంకులో 300 బార్లు నింపితే 3,000 లీటర్లు రావాలి కదా? రావు. అంత ఒత్తిడిలో గాలి లెక్క ప్రకారం నలగదు. దాదాపు 2,700 లీటర్లే ఉంటుంది.

◆ గబగబా నింపితే ట్యాంకు వేడెక్కుతుంది. 60 డిగ్రీల వేడిలో గేజ్ 200 బార్లు చూపించిన ట్యాంకు 27 డిగ్రీలకి చల్లారేసరికి 180కి దిగుతుంది. గాలి ఎక్కడికీ కారిపోలేదు. నింపగానే చూసిన అంకెని కాకుండా బోటెక్కే ముందు చూసిన అంకెని లెక్కలోకి తీసుకోవాలి.

◆ పొడవు సంగతి కొనేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. పొట్టిగా ఉన్నవాళ్లు పొడవాటి ట్యాంకు తగిలించుకుంటే పైన వాల్వ్ తల వెనక తగులుతుంది, కిందికి దించి కడితే అడుగు పిరుదులకి కొడుతుంది. దుకాణంలోనే ట్యాంకుని మోసే జాకెట్టుకి (బీసీడీ) బిగించి, వీపున వేసుకుని, తల పైకెత్తి చూడండి. పిల్లలకీ సన్నగా ఉండేవాళ్లకీ 63, 50 సైజులు హాయిగా ఉంటాయి.

◆ వాల్వ్ రెండు రకాలు. పైనుంచి బిగింపు పట్టేసే యోక్ రకానికి హద్దు 232 బార్లు. ట్యాంకు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌ని మర తిప్పినట్టు లోపలికి తిప్పి బిగించే డిన్ రకం 300 బార్ల దాకా తట్టుకుంటుంది. ట్యాంకు వాల్వ్, మీ రెగ్యులేటర్ ఒకదానికొకటి సరిపోతాయో లేదో చూసుకున్నాకే డబ్బులు తీయండి.

◆ ఫ్రాన్స్‌లో 1943లో జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాఁ కలిసి నీళ్లలో ఊపిరి పీల్చుకునే పరికరం ఆక్వాలంగ్ తయారుచేశారు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క గ్యాస్‌తో నడిపిన కార్ల కోసం గాన్యాఁ చేసిన వాల్వ్ దానికి మూలం. ఒత్తిడి చూపించే గేజ్‌లు అందరికీ అందుబాటులోకి రాని ఆ తొలిరోజుల్లో ట్యాంకుకి ఒక మీట ఉండేది. ఊపిరి బరువవగానే చేయి వెనక్కి చాచి లాగితే చివర మిగిల్చిన కాస్త గాలీ వదులుతుంది. దారిలో దేనికైనా తగిలి ఆ మీట ముందే దిగిపోయి ఉంటే డైవర్‌కి ఆ సంగతి తెలిసేది కాదు. చేతిలో గేజ్ ఉండడం ఎంత పెద్ద వరమో ఇది చదివితే అర్థమవుతుంది.

◆ గుహల్లో ఈదేవాళ్లు గాలిని మూడు వాటాలు వేసుకుంటారు. ఒకటి లోపలికి, ఒకటి బయటికి, ఒకటి ఆపదకి. 1979లో గుహల డైవర్ షెక్ ఎక్స్‌లీ ఆ డైవింగ్ మీద రాసిన చిన్న పుస్తకం ప్రాణాలు కాపాడే ఇలాంటి నియమాలకి పేరుపొందింది.

◆ సెకండ్ హ్యాండ్ అల్యూమినియం ట్యాంకు చౌకగా వస్తోందంటే ముందు దాని భుజం మీద ముద్ర చూడండి. 1980ల చివరి దాకా చాలా ట్యాంకులు 6351 అనే మిశ్రమలోహంతో చేశారు. ఏళ్ల తరబడి ఒత్తిడిలో ఉంటే వాటి మెడ దగ్గర పగుళ్లు వస్తాయని తేలాక కంపెనీలు 6061కి మారాయి. పాతవాటిని ఇప్పుడు చాలాచోట్ల నింపరు. అసలు అమెరికాలో ఏ ట్యాంకునైనా ఐదేళ్లకోసారి నీటి ఒత్తిడితో పరీక్షించి కొత్త తేదీ కొట్టాలి. ఏడాదికోసారి లోపల దీపం వేసి చూడడం ఆనవాయితీ.

◆ మన దేశంలో ఈ ట్యాంకులు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల కిందికి వస్తాయి. చీఫ్ కంట్రోలర్ ఆఫ్ ఎక్స్‌ప్లోజివ్స్ ఆమోదించని రకం సిలిండర్‌లో గ్యాస్ నింపడానికి వీల్లేదు. ఆ కార్యాలయం నాగపూర్‌లో ఉంది. అమెరికాలో ఉన్న పిల్లల చేత ట్యాంకు తెప్పించుకోవాలనుకునే విశాఖ వాళ్లు ఈ ఆమోదం సంగతి ముందే కనుక్కోవాలి. లేకపోతే ఇంటికొచ్చిన ట్యాంకుని నింపేవాళ్లు దొరకరు.

◆ విమానంలో నిండు ట్యాంకు ఎక్కించనివ్వరు. అమెరికా విమానాశ్రయాల్లో ఖాళీదైనా సరే వాల్వ్ పూర్తిగా విప్పేసి, లోపల ఏమీ లేదని కంటికి కనిపించేలా మూతి తెరిచి చూపించాలి. అలా విప్పిన వాల్వ్‌ని తిరిగి బిగించే ముందు ట్యాంకులో తేమ చేరిందేమో చూసే మనిషి కావాలి. అందుకే సొంత ట్యాంకు ఉన్న డైవర్లు కూడా దూర ప్రయాణాల్లో రెగ్యులేటర్ మాత్రం సంచిలో పెట్టుకుని, ట్యాంకు వెళ్లిన చోటే అద్దెకు తీసుకుంటారు.