ఎముకలు నాట్యమాడిన రాత్రి

కోడి కూస్తే దయ్యాలు పారిపోతాయని మన అమ్మమ్మలు, నాయనమ్మలు కథల్లో చెబుతుంటారు కదా! ఇలాంటి నమ్మకమే ఫ్రాన్స్ దేశపు జానపద కథలోనూ ఉంది. హాలోవీన్ నాటి అర్ధరాత్రి మృత్యువు శ్మశానానికి వచ్చి వయొలిన్ వాయిస్తుందట. అది విని సమాధుల్లోంచి అస్థిపంజరాలు లేచి, కోడి కూసేదాకా నాట్యం చేస్తాయట.

ఈ కథ మీద ఆంరీ కజాలిస్ అనే కవి ఒక కవిత రాశాడు. దానికి కమీయ్ సాన్‌సాన్స్ అనే ఫ్రెంచి స్వరకర్త 1872లో బాణీ కట్టాడు. 1874లో ఆ పాటలోని మాటలన్నీ తీసేసి, పెద్ద వాద్యబృందం కోసం మళ్లీ రాశాడు. అదే 'డాన్స్ మకాబ్ర', అంటే 'మృత్యు నాట్యం'. వినడానికి సుమారు 7 నిమిషాలు పడుతుంది.

మరి మాటలు లేకుండా కథ ఎలా చెప్పాడు?

మొదట హార్ప్ ఒకే స్వరాన్ని 12 సార్లు పలికిస్తుంది. అంటే అర్ధరాత్రి అయిందన్నమాట! వెంటనే మృత్యువు వయొలిన్ మొదలవుతుంది. పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ పక్కపక్క తీగల మధ్య ఉండే దూరం మన 'స', 'ప'ల మధ్య ఉన్నంతే. సాన్‌సాన్స్ పై తీగను అర స్వరం తగ్గించమన్నాడు. దాంతో 'ప' ఉండాల్సిన చోట ప్రతిమధ్యమం వచ్చింది. కళ్యాణి రాగంలో అదే ప్రతిమధ్యమం మనకు ఎంతో హాయిగా ఉంటుంది. ఇక్కడ మాత్రం రెండు తీగలనూ కలిపి, కమానుతో గట్టిగా, పదే పదే వాయించేసరికి ఒళ్లు జలదరిస్తుంది. చూశారా, భయం స్వరంలో లేదు, దాన్ని వాడిన తీరులో ఉంది.

తర్వాత జైలోఫోన్ వస్తుంది. చెక్క పలకలను పుల్లలతో కొట్టి వాయించే ఈ వాద్యం అప్పట్లో ఆర్కెస్ట్రాలో అరుదు. దాని టకటక శబ్దమే ఎముకల చప్పుడు! మధ్యలో, చనిపోయినవారి కోసం క్రైస్తవులు పాడే ఒక పాత ప్రార్థన గీతం బాణీ నాట్యపు లయలో వినిపిస్తుంది. నాట్యం జోరందుకుంటుంది. అంతలో ఓబో అనే ఊదే వాద్యం కోడిలా కూస్తుంది. అంతా ఆగిపోతుంది. వయొలిన్ దిగులుగా వీడ్కోలు చెబుతుంది. చివరికి తీగలు మెల్లగా రెండుసార్లు మోగి నిశ్శబ్దమవుతాయి.

ఇది పిల్లలను భయపెట్టడానికి పుట్టిన కథ మాత్రమేనా? కాదు. 14వ శతాబ్దంలో ప్లేగు వ్యాధి యూరప్‌లో కోట్లమందిని బలి తీసుకుంది. రాజూ పేదా తేడా లేకుండా పోయారు. ఆ తర్వాతి కాలంలో చిత్రకారులు మృత్యువు చెయ్యి పట్టుకుని రాజు, మతగురువు, రైతు, పసిబిడ్డ వరుసగా నడిచే బొమ్మలు గీశారు. 1424-25లో పారిస్‌లోని ఒక శ్మశానం గోడ మీద అలాంటి చిత్రం వేశారు. మృత్యువు ముందు కిరీటానికీ చిరుగుల చొక్కాకూ తేడా లేదన్నదే దాని భావం. అస్థిపంజరాలకు కిరీటాలుండవు కదా!

1875 జనవరిలో పారిస్‌లో మొదటిసారి వాయించినప్పుడు ఈ సంగీతానికి మంచి ఆదరణ దక్కలేదు. ఈనాడు సాన్‌సాన్స్ రచనల్లో బాగా పేరున్న వాటిలో ఇదొకటి. ఆయన మాత్రం 1886లో 'జంతువుల కార్నివాల్' రాస్తూ, అందులో శిలాజాల గురించిన భాగంలో ఈ ఎముకల బాణీనే మళ్లీ పెట్టి అందరినీ నవ్వించాడు. ఒకప్పుడు వణికించిన చప్పుడే తర్వాత హాస్యమైంది.

మీరూ ఒకసారి కళ్లు మూసుకుని వినండి. హార్ప్ దెబ్బలు లెక్కపెట్టండి. కోడి కూత ఎక్కడ వచ్చిందో పట్టుకోండి. ఏ వాద్యం ఏం చెబుతోందో తెలిశాక భయం కాస్తా సరదాగా మారిపోతుంది!