ఒకే మంట, రెండు చూపులు: ఎదుటివారి మనసును మనం ఎందుకు తప్పుగా చదువుతాం?

2013 మే 17 రాత్రి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం, బీజాపూర్ జిల్లా ఎడెస్‌మెట్టలో గ్రామస్థులు మంట దగ్గర చేరి బీజ్ పండుం జరుపుకుంటున్నారు. విత్తనాలు చల్లే ముందు ఆదివాసీలు చేసుకునే పండుగ ఇది. గోండీలోని 'పండుం' అనే మాటలో తెలుగువాళ్లకు 'పండుగ' వినిపిస్తుంది.

అదే సమయంలో గాలింపునకు వచ్చిన భద్రతా బలగాలకు చీకట్లో ఆ మంట, దాని చుట్టూ మనుషులు కనిపించారు. ఆ తర్వాత జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది గ్రామస్థులు, ఒక జవాను చనిపోయారు.

ఈ ఘటనపై జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ ఇచ్చిన నివేదిక 2022 మార్చిలో ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీ ముందుకు వచ్చింది. గ్రామస్థుల దగ్గర ఆయుధాలు లేవని, బలగాలు వాళ్లను మావోయిస్టులుగా పొరబడి, కంగారులో కాల్పులు జరిపి ఉండొచ్చని అందులో పేర్కొన్నారు.

అంతకు ఏడాది ముందు, 2012 జూన్ 28 రాత్రి, అదే జిల్లా సార్కెగూడలో 17 మంది చనిపోయారు. బీజ్ పండుం ఏర్పాట్ల గురించి మాట్లాడుకోవడానికే సమావేశమయ్యామని అక్కడి గ్రామస్థులు చెప్పారు. మృతులు మావోయిస్టులనడానికి ఆధారాలు లేవని ఆ ఘటనపై విచారణ జరిపిన జస్టిస్ అగర్వాల్ కమిషన్ తేల్చింది.

చూసినవాళ్ల కళ్లకు పండుగ ఎందుకు కనిపించలేదు?

నాలుగేళ్లకే వచ్చే విద్య

ఎదుటివాళ్లకు తెలిసింది, మనకు తెలిసింది ఒకటి కాకపోవచ్చని గ్రహించడం మనిషికి చిన్నప్పుడే అలవడుతుంది. 1983లో హైంజ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వవేత్తలు పిల్లలకు ఒక చిన్న కథ చెప్పారు. ఒక పిల్లాడు చాక్లెట్‌ను ఒక అల్మారాలో పెట్టి బయటికి వెళ్తాడు. వాళ్లమ్మ దాన్ని ఇంకో అల్మారాలోకి మారుస్తుంది. తిరిగొచ్చిన పిల్లాడు ఎక్కడ వెతుకుతాడు?

మూడేళ్ల పిల్లలు చాలావరకు చాక్లెట్ నిజంగా ఉన్నచోటునే చూపిస్తారు. నాలుగైదేళ్లు వచ్చేసరికి, 'పాపం వాడికి తెలియదు కదా, పాతచోటే వెతుకుతాడు' అని చెప్పగలుగుతారు.

ఎదుటివారికి వేరే ఆలోచన ఉండొచ్చని తెలిసినంత మాత్రాన, ఆ ఆలోచన ఏమిటో తెలిసిపోదు. పెద్దవాళ్లు తడబడేది ఇక్కడే.

ఊహించడమా, అడగడమా?

'వాళ్ల స్థానంలో ఉండి ఆలోచించు' అని అందరూ చెబుతుంటారు. తాల్ ఎయల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధన ఈ సలహానే పరీక్షకు పెట్టింది. 25 ప్రయోగాల్లో, ఎదుటివారి స్థానంలో తమను ఊహించుకున్నవాళ్ల అంచనాలు అలా చేయనివాళ్ల అంచనాలకన్నా కచ్చితంగా ఏమీ లేవు. నేరుగా అడిగి తెలుసుకున్నప్పుడే అవి మెరుగయ్యాయి.

కారణం ఊహించదగినదే. ఇంకొకరి స్థానంలో నిలబడ్డామనుకున్నా, వెంట తీసుకెళ్లేది మన అనుభవాన్నే, మన భయాన్నే. బీజ్ పండుం గురించి తెలియని మనిషి రాత్రిపూట అడవిలో మంటను చూసి ఎంత ఊహించినా, ఆ ఊహలో విత్తనాలు ఉండవు.

సంత నేర్పే పాఠం

బస్తర్‌లో ఈ అడగడం, తెలుసుకోవడం రోజూ జరిగే చోటు ఒకటుంది. అది వారపు సంత. ఇప్పపూలు, చింతపండు తెచ్చే ఆదివాసీలు, ఉప్పు, బట్టలు అమ్మే వ్యాపారులు అక్కడ కలుస్తారు. గోండీ, ధుర్వా, భత్రీ మాట్లాడేవాళ్ల మధ్య హల్బీ చాలాకాలంగా వారధి భాష. దక్షిణాన సరిహద్దు ఊళ్లలో దోర్లా, తెలుగు వినిపిస్తాయి. ధర అర్థం కాకపోతే మళ్లీ అడుగుతారు, వేళ్లు చూపిస్తారు, రెండు భాషలూ వచ్చినవాళ్లను పిలుస్తారు. తప్పు అర్థం చేసుకున్నా, సరిదిద్దుకునే వీలుంటుంది.

ఆ రాత్రి ఎడెస్‌మెట్టలో ఆ వీలు లేదు. అడగాల్సిన పక్షం చేతిలో తుపాకులున్నాయి. రెండు వైపులా భయం ఉండొచ్చు, కానీ అంచనా తప్పితే చెల్లించే మూల్యం ఇద్దరికీ సమానం కాదు. అందుకే దీన్ని వట్టి అపార్థం అని సరిపెట్టలేం. అడిగి తెలుసుకోవాల్సిన బాధ్యత బలం ఉన్నవాళ్ల మీదే ఎక్కువ.

ఇది తుపాకీకే పరిమితం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షల మంది. అయినా ఆ భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. తరగతి గదిలో పిల్లవాడు మౌనంగా ఉంటే, వాడికి పాఠం అర్థం కాలేదా, భాష అర్థం కాలేదా? గోండీ రాని టీచర్‌కు తేల్చుకోవడం కష్టం. కోర్టులోనూ, ఆసుపత్రిలోనూ ఇదే చిక్కు.

జస్టిస్ అగర్వాల్ కమిషన్ ఎడెస్‌మెట్ట నివేదికలో చేసిన సూచనలు కూడా ఈ దిశలోనే ఉన్నాయి. స్థానికుల జీవన విధానం, పండుగలు తెలిసేలా బలగాలకు శిక్షణ ఇవ్వాలని, వాళ్లు వారపు సంతలు, పండుగల్లో ప్రజలతో కలవాలని చెప్పింది.

బీజ్ పండుం ఏటా వస్తుంది. అది ఎప్పుడో, ఎందుకో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు.