దారిలో ఆపి పత్రమడుగు అధికారము
(ప్రసంగ పాఠము)

కుమారునో కుమార్తెనో అమెరికాకు పంపిన గృహములు నేడు మన తెలుగు జిల్లాలలో అనేకము కలవు. విమానమెక్కించునాడు తల్లి చెప్పు జాగ్రత్తలలో ఒకటి తప్పక యుండును: “పాస్‌పోర్టు జాగ్రత్త నాయనా, పెట్టెలో పెట్టి తాళము వేసికో” అని. ఆ మాట ప్రేమతో చెప్పినదే. కాని అక్కడి చట్టము మరియొక మాట కూడ చెప్పుచున్నది. 18 సంవత్సరములు నిండిన ప్రతి విదేశీయుడును తన నమోదు పత్రమును ఎల్లవేళల తనవద్దనే ఉంచుకొనవలెను. చదువునకో ఉద్యోగమునకో వెళ్ళినవారికి ఐ-94 అను ప్రవేశపత్రము ఇట్టి నమోదు పత్రముగా చెల్లును; స్థిరనివాసము పొందినవారికి గ్రీన్‌కార్డు. ఇవి దగ్గర లేకుండుట నేరము. అందుకు జుర్మానాయే గాక 30 దినముల వరకు ఖైదు కూడ విధింపవచ్చును.

అయితే పత్రము దగ్గర ఉంచుకొనుట ఒక విషయము. దానిని చూపుమని అడుగుట మరియొక విషయము. అడుగుటకు ఎవరికి అధికారము కలదు? ఎప్పుడు అడుగవచ్చును? ఏ కారణమున అడుగవచ్చును? ఈ మూడు ప్రశ్నలపై అమెరికాలో తీవ్రమైన వాదము సాగినది, ఇంకను సాగుచున్నది. ఆ వాదమును ఇరువైపులనుండి వివరించుట మా ఉద్దేశము.

పత్రము ధరించు విధి ఆ దేశమున క్రొత్తది కాదు. 1892లో గీరీ చట్టమనునది చీనా దేశపు కూలీలందరును నివాసపత్రము పొందవలెనని శాసించెను. పత్రము లేని చీనీయుని పట్టి దేశమునుండి పంపివేయవచ్చును. తగిన కారణముచేత పత్రము పొందలేకపోతినని అతడు నిరూపించుకొనవలెనన్నను, అతడు అంతకు మునుపే అచ్చట నివసించుచుండెనని తెల్లవాడొకడు సాక్ష్యమీయవలెను. మరుసటి సంవత్సరమే సుప్రీం కోర్టు ఆ చట్టమును సమర్థించెను. చీనీయుల బహిష్కార చట్టములు 1943 వరకు రద్దు కాలేదు. ఒక్క జాతికి పరిమితమైన ఈ పద్ధతిని 1940లో విదేశీయుల నమోదు చట్టము అన్ని జాతులకును విస్తరింపజేసెను. 14 ఏండ్లు దాటిన విదేశీయులందరును వ్రేలిముద్రలిచ్చి నమోదు కావలసివచ్చెను. 1952 నాటి వలస చట్టము ఆ విధిని నిలిపి, నేటి రూపము నిచ్చినది.

ఈ చట్టములన్నియు కేంద్ర ప్రభుత్వమువి. వలస, పౌరసత్వము, విదేశీయుల బహిష్కారము అచ్చట కేంద్రము చేతిలోని విషయములు. వీధిలో గస్తీ తిరుగు పోలీసులు మాత్రము నగరములకును, కౌంటీలకును, రాష్ట్రములకును చెందినవారు. ఈ రెంటి నడుమనున్న సందులోనే 2010 నాటి అరిజోనా వివాదము పుట్టినది.

అరిజోనాకు మెక్సికోతో సుమారు 370 మైళ్ళ సరిహద్దు కలదు. 1993, 1994 సంవత్సరములలో ఎల్‌పాసో, శాండియాగో నగరముల వద్ద కేంద్రము కావలి బిగించెను. అంతట అనుమతి లేక వచ్చువారు అరిజోనా ఎడారి దారి పట్టిరి. ఆ దారిలో నీరు లేక ఎండకు మరణించినవారు అనేకులు. సరిహద్దు ప్రాంతపు రైతులకును, పశుపాలకులకును భయము పెరిగెను. కేంద్రము తన పని తాను చేయుటలేదను ఆగ్రహము రాష్ట్రమంతట వ్యాపించెను. ఈ నేపథ్యమున 2010 ఏప్రిల్ 23వ తేదీన గవర్నరు జాన్ బ్రూవర్ సంతకముతో సెనేటు బిల్లు 1070 చట్టమాయెను.

అందు ముఖ్యమైన నిబంధనలు నాలుగు. మొదటిది: పోలీసు అధికారి చట్టబద్ధముగా ఒకనిని ఆపినప్పుడు, అతడు అనుమతి లేక దేశముననున్నాడని సమంజసమైన అనుమానము కలిగినచో, వీలైనంతవరకు అతని వలసస్థితిని విచారించి తీరవలెను. రెండవది: నమోదు పత్రము దగ్గర లేకుండుట కేంద్ర నేరమే గాక రాష్ట్ర నేరము కూడ. మూడవది: అనుమతి లేనివాడు పని వెదకుట, పని చేయుట నేరము. నాలుగవది: బహిష్కరింపదగిన అపరాధము చేసినాడని నమ్ముటకు కారణమున్నచో వారంటు లేకయే పోలీసులు నిర్బంధింపవచ్చును.

సమర్థకుల వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. “మేము క్రొత్త నేరమును కల్పించుటలేదు, కేంద్ర చట్టమునే అద్దమున చూపుచున్నాము. పత్రము ధరింపవలెనని చెప్పినది కేంద్రమే గదా? కేంద్రము నిద్రించుచున్నప్పుడు ఇంటి యజమాని తన తలుపు తాను వేసికొనరాదా?” అని వారు పలికిరి. దారిలో ఊరక ఆపరాదనియు, వేరొక తప్పునకై ఆపిన పిమ్మటనే ఈ విచారణ జరుగుననియు చూపిరి. అరిజోనా డ్రైవింగు లైసెన్సు చూపినవాడు అనుమతి గలవాడనియే భావింపవలెనను రక్షణ కూడ చట్టమున కలదనిరి.

వ్యతిరేకుల వాదమంతయు ఒక్క మాటపై నిలిచినది: అనుమానము. దొంగసొత్తు చేతనున్నచో అనుమానము కలుగుట సహజము. అనుమతి లేకుండుట అట్లు కంటికి కనబడు వస్తువు కాదు. కంటికి కనబడునది మేనిచాయ, చెవికి వినబడునది మాటతీరు. కావున చట్టమున జాతి పేరెత్తకున్నను ఆచరణలో భారము ఒక వర్గముపైననే పడుననిరి. అట్లు ఆపబడువారిలో తరతరములుగా అచ్చటనే పుట్టిన పౌరులును ఉందురు. వేరొక ఆక్షేపణను అరిజోనా పోలీసు అధిపతుల సంఘమే లేవదీసెను. పోలీసును చూచి భయపడువాడు, తన ఇంట దొంగతనము జరిగినను ఠాణాకు రాడు. హత్యను కన్నులార చూచినను సాక్ష్యమీయడు. ఆ నష్టము ఊరందరిది.

కేంద్ర ప్రభుత్వము వేసిన దావాపై సుప్రీం కోర్టు 2012 జూన్ 25న తీర్పు చెప్పెను. నాలుగింట మూడు నిబంధనలు కొట్టివేయబడెను. విదేశీయుల నమోదు పూర్తిగా కేంద్రము ఆక్రమించిన క్షేత్రము. అందు రాష్ట్రము సాయముగా వచ్చినను చెల్లదు. పని విషయమున కాంగ్రెసు 1986లోనే యజమానిని శిక్షించు మార్గమును ఎన్నుకొనెను, కూలివానిని నేరస్థుని చేయలేదు. ఇక వారంటు లేని నిర్బంధము: కేంద్రపు వలస అధికారులకే లేనంత అధికారము రాష్ట్ర పోలీసులకీయుట తగదు. మొదటి నిబంధన మాత్రము నిలిచెను. అయితే ఆచరణలో అన్యాయము జరిగినచో మరల రావచ్చునని కోర్టు ద్వారము తెరచియే యుంచెను. కేవలము పత్రముల తనిఖీ కొరకు ఒకనిని ఎక్కువసేపు నిలిపియుంచుట రాజ్యాంగ విరుద్ధము కావచ్చునని హెచ్చరించెను.

ఆచరణ ఎట్లుండునో ఆ రాష్ట్రముననే మారికోపా కౌంటీ తేల్చెను. అచ్చటి షెరీఫు జో అర్పాయో కార్యాలయము వాహనముల తనిఖీలలో జాతిని బట్టి మనుష్యులను ఆపినదని 2013 మే నెలలో కేంద్ర న్యాయస్థానము నిర్ణయించెను. కోర్టు ఆజ్ఞను ధిక్కరించిన నేరమునకు షెరీఫు 2017లో దోషిగా తేలెను. ఆ సంవత్సరమే అధ్యక్షుడు అతనికి క్షమాభిక్ష ప్రసాదించెను.

మేనిచాయను ఎంతవరకు లెక్కింపవచ్చునను ప్రశ్నకు పాత సమాధానమొకటి కలదు. సరిహద్దు గస్తీవారు కారులోనివారు మెక్సికనులవలె కనబడిరను ఒక్క కారణమున వారిని ఆపుట చెల్లదని 1975లో సుప్రీం కోర్టు చెప్పెను. కాని ఇతర కారణములతో కలిపి రూపమును కూడ లెక్కింపవచ్చునని అదే తీర్పున అనెను. ఆ సందు నేటికిని మూతపడలేదు. 2025 జూలైలో లాస్‌ఏంజిలిస్ న్యాయాధీశురాలొకరు జాతి, స్పానిషు భాష లేక యాసతో కూడిన ఇంగ్లీషు, నిలిచిన చోటు, చేయు పని అను ఈ నాలుగింటినే ఆధారము చేసికొని ఆపరాదని ఆజ్ఞాపించిరి. సెప్టెంబరు 8న సుప్రీం కోర్టు ఆ ఆజ్ఞను నిలిపివేసెను. అది తుదితీర్పు కాదు. అయినను యాస అను మాటను మనము చెవియొగ్గి వినవలెను. మన పిల్లల ఇంగ్లీషులో తెలుగు యాస ఉండుట సహజమే గదా!

ఈ బాధ భారతీయులకు అపరిచితము కాదు. 1907లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వము ఆసియావారందరును పది వ్రేళ్ళ ముద్రలిచ్చి పత్రము పొంది, పోలీసు అడిగినప్పుడెల్ల చూపవలెనని చట్టము చేసెను. 1908 ఆగస్టు 16న జోహాన్నెస్‌బర్గులో మసీదు ముంగిట గాంధీగారి నాయకత్వమున మనవారు తమ పత్రములను నిప్పులో వేసిరి. వారి కోపము కాగితముపై కాదు. నేరమేమియు చేయనివానిని నేరస్థునివలె చూచు చట్టముపై.

అట్లని ఇతరులను వ్రేలెత్తి చూపి మనము తప్పించుకొనరాదు. మన దేశమున 1946 నాటి విదేశీయుల చట్టము, తాను విదేశీయుడు కాడని నిరూపించుకొను భారమును ఆ మనుష్యునిపైననే ఉంచెను. దాని స్థానమున 2025లో వచ్చిన క్రొత్త చట్టమును ఆ పద్ధతినే నిలిపినది. పత్రము లేని పేదవానికి ఆ భారము ఎంతటిదో మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక పిల్లలకు చెప్పవలసిన మాట. ఐ-94 ప్రతిని ప్రభుత్వపు అంతర్జాలమునుండి తీసి, మడచి దగ్గర ఉంచుకొనవలెను. అధికారి ఆపినచో పరుగెత్తరాదు, అబద్ధమాడరాదు. ముఖ్యముగా పౌరుడనని ఎన్నడును చెప్పరాదు. ఆ ఒక్క అబద్ధము తిరిగి ఆ దేశమున అడుగిడు అవకాశమునే పోగొట్టవచ్చును. “నేను వెళ్ళవచ్చునా?” అని మర్యాదగా అడుగవచ్చును. న్యాయవాదితో మాటాడువరకు మౌనము వహించు హక్కు విదేశీయునకును కలదు. నిర్బంధించినచో భారత కాన్సులేటుకు తెలుపుమని కోరు హక్కును 1963 నాటి వియన్నా ఒప్పందము ఇచ్చుచున్నది.

దేశమునకు ద్వారముండవలెను, ద్వారమునకు కావలి ఉండవలెను. ఇందు ఎవరికిని వివాదము లేదు. కాని ద్వారమువద్ద అడుగవలసిన ప్రశ్నను ప్రతి వీధి మలుపునందును అడుగబూనినచో, దానికి జవాబు చెప్పుకొనవలసినవాడు అందరివలె కనబడని ఒక్కడే యగును. అతని చేతిలోని కాగితము నిజమైనదా యని ప్రభుత్వము అడుగవచ్చును. అతనినే ఏల ఆపితిరని అడుగుటకు అతనికిని చోటుండవలెను. ఆ రెండవ ప్రశ్నను కూడ వినగల న్యాయస్థానము ఉన్నంతవరకే మొదటి ప్రశ్న న్యాయమైనదగును.